మొదటామె రూపు

బంగారం గురించి నన్నడక్కండి. బంగారం కొన్నవాళ్ళు బీరువాలో దాస్తారు, గిల్టు కొన్నవాళ్ళు మెడలో వేసుకుంటారు. కథలన్నీ మెడల దగ్గరే ఉంటాయి. ఇది అనంతపురంలో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్న మనిషి మాట కాబట్టి నమ్మవచ్చు. మెడ కొలత తీసేటప్పుడు నేను పక్కకి జరిపిన గొలుసులకీ, బిళ్ళలకీ, తాయెత్తులకీ లెక్కలేదు. ఇదేమిటమ్మా అని అడిగితే చెప్పని ఆడమనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. అలా మొదలైంది ఈ పిచ్చి. ఇప్పుడు మా ఇంట్లో రెండు బిస్కెట్ డబ్బాల నిండా పాత గిల్టు సామాను ఉంది. పసిపిల్లల సిగ్గుబిళ్ళలు, నుదుట కట్టే రావిరేకలు, జత పోయిన కమ్మలు, దిష్టికి కట్టే పులిగోళ్ళు. గోళ్ళన్నీ కొమ్ముతో చేసిన దొంగవే. మొత్తం అమ్మితే ఆటో చార్జీలు కూడా రావని మా ఆయన అంటాడు. ఆయన అనేవి చాలా ఉంటాయి.

గిల్టు పిచ్చి ఉన్నవాళ్ళకి పుణ్యక్షేత్రం చిలకలపూడి. అది బందరులో ఒక పేట. రోల్డ్ గోల్డ్ నగలకి ఆ పేట పేరే ఒక ముద్ర. అక్కడికి వెళ్ళకుండా గిల్టు గురించి ఇన్నేళ్ళు పెద్ద పెద్ద మాటలు మాట్లాడాను. ఇక లాభం లేదని నాలుగు రోజులు షాపు మూసి బెజవాడ రైలెక్కాను.

వన్‌టౌన్ సందులో

బెజవాడలో మొదటి ఉదయం పెసరట్టులో ఉప్మా పెట్టి ఇచ్చారు. ఉగ్గాని, బజ్జీ తిని పెరిగిన దాన్ని కాబట్టి ఒక టిఫిన్ కడుపులో ఇంకో టిఫిన్ పెట్టడం నాకు దుబారాగా తోచింది. అరవై రూపాయలన్నారు. అల్లం పచ్చడి తగిలాక ఆ దుబారాని క్షమించాను.

వన్‌టౌన్ సందుల్లో పాత ఇత్తడీ, పాత గిల్టూ కొనే కొట్టు ఒకటి ఉందని ముందే కనుక్కున్నాను. కొట్టు మస్తాన్ గారిది. అరవై దాటినాయన, తెల్ల టోపీ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. బుట్టల్లో కొత్త గిల్టు నగలు పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు ఇంకా ఉన్నారట. పాతది ఇస్తే కొంత తగ్గించుకుని కొత్తది ఇస్తారు, ఆ పాత సామాను తెచ్చి ఈయనకి తూకానికి వేస్తారు.

"మేడమ్‌ది అనంతపురం వైపా?" అన్నాడు నేను ఇవన్నీ ఎట్ల ఇస్తారని అడగగానే.

"ఎట్ల కనిపెట్టారు?"

"ఆ 'ఎట్ల'తోనే అండి" అని నవ్వి, ఒక రేకు డబ్బా నా ముందు బోర్లించాడు.

రెండు గంటలు ఏరాను. నడుం పట్టేసింది గాని చేతికి ఒకటి తగిలింది. బొటనవేలి గోరంత బిళ్ళ. దాని మీద చేతులు జోడించి నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. పసుపూ కుంకుమా పేరుకుపోయి మొహం సరిగ్గా కనిపించడం లేదు. అంచు దగ్గర రాగి బయటపడింది. అంటే నిజమైన పాత పని, రాగి మీద బంగారు రేకు ఒత్తి చేసింది, ఇప్పటి పూత సరుకు కాదు. ఏదో ఊరి అమ్మవారి బిళ్ళ అని అక్కడికక్కడే తేల్చేశాను. అంత తొందరగా తేల్చడం నాకు అలవాటు.

ఐదొందలన్నాడు.

"తూకానికి కొన్నదాన్ని బిళ్ళ లెక్కన అమ్ముతారా?" అన్నాను.

"తూకానికి కొంటానమ్మా. అమ్మేది మాత్రం కొనేవాళ్ళ కళ్ళు చూసి."

మూడొందలకి తెగింది. పాత సరుకు వచ్చినప్పుడు చెబుతానని నా ఫోన్ నంబరు రాసుకున్నాడు.

సాయంత్రం లాడ్జిలో బకెట్ ముందు కూర్చుని చింతపండుతో, కుంకుడు రసంతో ఆ బిళ్ళని మెరిసేదాకా తోమాను. నీళ్ళు మూడుసార్లు ఎర్రగా వచ్చాయి. అన్నేళ్ళ మురికి వదిలించానని ఎంత సంబరపడ్డానో. మొహం బయటపడింది. గుండ్రటి కళ్ళు, చిన్న నోరు, కొనదేలిన గడ్డం. నా రెండు డబ్బాల్లో ఇంత మంచి వస్తువు లేదు.

బందరు బస్సు

మర్నాడు బందరు బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు చించి ఇచ్చారు. నాలుగు రోజులూ ఆడవాళ్ళందరిలాగే నేనూ మహారాణిలా తిరిగాను. ఉయ్యూరు దగ్గర చెరకు పిప్పి వాసన బస్సులోకి వచ్చింది. ఆ తర్వాత రెండు వైపులా వరి. మా వైపు ఇంత నీళ్ళు ఒకచోట కనిపిస్తే జనం సెల్ఫీలు దిగుతారు. ఇక్కడ గేదెలు కూడా పట్టించుకోవు.

పామర్రులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయనకి ముక్కు కుట్టి ఉంది. మగమనిషికి ముక్కు పుడక రంధ్రం. నా నోరు ఊరుకుంటుందా, అడిగేశాను.

"మా అమ్మకి నాకంటే ముందు ముగ్గురు పోయారండి" అన్నాడాయన, ఏమీ అనుకోకుండా. "నేను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మా మేనత్త చేత చేటలోకి ఎత్తించి, ముక్కు కుట్టించి, పెంటయ్య అని పేరెట్టారు. పనికిరానోడనుకుని మృత్యువు వదిలేసిందంట. వదిలేసి డెబ్భై ఏళ్ళయింది, ఇంకా గుర్తు రాలేదు దానికి."

"పుడక ఏది మరి?"

"పెళ్ళినాడు తీసేశాం. మా ఆవిడ దాచింది. అదడిగితే మాత్రం ఇవ్వదండోయ్, ముందే చెబుతున్నా."

నేనేం అడగబోతున్నానో ఆయనకి నా చూపులోనే తెలిసిపోయినట్టుంది. గూడూరు దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాం.

చిలకలపూడి

ఆటో అతను నన్ను ముందు అద్దాల షోరూముకి తీసుకెళ్ళాడు. పాత పనివాళ్ళ ఇల్లు కావాలని మళ్ళీ చెబితే, "పాతదెందుకండి, ఇక్కడ గ్యారంటీ ఇస్తారు" అని వాదించాడు. చివరికి ఓ సందులో దింపాడు.

ఆచారి గారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. నగల అచ్చులు చెక్కే ఇల్లు వాళ్ళది. ఇప్పుడు మిషన్లొచ్చాయి, ఆయన మాత్రం వీధి అరుగు మీద దిమ్మ వేసుకుని చిన్న చిన్న మరమ్మతులు చేస్తుంటాడు. నా బిళ్ళ అరచేతిలో పెట్టగానే ఆయన మొహం చిట్లించాడు.

"కడిగారా?"

"కడిగాను. చాలా మురికి పట్టింది."

"మురికి కాదమ్మా అది. దీన్ని కడక్కూడదు." బిళ్ళని వెనక్కి తిప్పి చూసి చెప్పాడు. "ఇది అమ్మవారు కాదు. మొదటామె రూపు. భార్య పోయినాయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, రెండో ఆవిడ సూత్రాల పక్కన ఈ రూపు కట్టుకుంటది. అందరిళ్ళలో కాదు, కొన్ని ఇళ్ళల్లో. కొత్త చీరైనా పూలైనా ముందు దీనికి చూపించి తర్వాత తను. బొట్టు కూడా ముందు దీనికే. ఆ కుంకుమంతా అదేనండి, ఓ ఆడమనిషి రోజూ పెట్టింది."

మా వైపు మొదటామె ఊసెత్తరు. ఫోటో ఉంటే అటకెక్కిస్తారు. పోయిన మనిషిని మెడలో కట్టుకుని, ఆమెకి పెట్టిన తర్వాతే తను పెట్టుకునే మర్యాద నేను వినలేదు. ముప్పై ఏళ్ళు మెడలు చూసిన దాన్ని, నాకు తెలియనిది ఒకటుందంటే మొదట కోపం వచ్చింది. తర్వాత, మూడుసార్లు ఎర్రగా వచ్చిన నీళ్ళు గుర్తొచ్చాయి.

ఆచారి గారు లోపలికెళ్ళి, నూనె గుడ్డలో చుట్టిన ఇనప అచ్చు తెచ్చాడు. "మా నాన్నగారు చెక్కింది. ఈ చుట్టుపక్కల రూపులన్నీ దీన్లోవే. ఏ ఊరి మొదటామె అయినా ఇదే మొహం."

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. మస్తాన్ గారు.

"మేడమ్, నిన్న పట్టుకెళ్ళిన బిళ్ళ ఎవరికన్నా ఇచ్చేశారా? మైలవరం అవతల్నించి ఒకావిడ వచ్చి పొద్దున్నుంచీ కొట్టు ముందు కూర్చుంది. తాడు మార్చుకుందామని తీసి పెట్టిందంట. కోడలు కొత్తగా వచ్చిన పిల్ల, తెలీక బుట్టవాడికి ఏసి గొలుసు తీసుకుంది. మొదటి భార్య కూతురు అన్నం మానేసిందంటండి. ఆ పిల్ల తల్లికి ఒక్క ఫోటో కూడా లేదు, ఉన్నదల్లా ఇదే."

"నా దగ్గరే ఉంది. ఊరి గుర్తులు కనుక్కోండి, రేపు నేనే వాళ్ళింటికి తెచ్చిస్తానని చెప్పండి" అన్నాను. గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

ఫోన్ పెట్టేశాక ఉన్న మాట చెబుతున్నాను, ఇవ్వబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళకి దొరికిన వస్తువు. నా ఎదురుగా దిమ్మ మీద అచ్చు ఉంది. అచ్చు ఒకటే అయినప్పుడు వాళ్ళ మెడలో ఏది ఉంటే ఏమిటి? వాళ్ళకి కావలసింది రూపు, నాకు కావలసింది పాతదనం. ఇద్దరికీ నష్టం లేని లెక్క ఇది అనుకున్నాను. తెలివైనదాన్నని కూడా అనుకున్నాను.

"ఆచారి గారూ, ఇంకోటి కొట్టిస్తారా? నా పెట్టెలోకి."

ఆయన దగ్గర పాత రేకు ముక్క ఒకటి మిగిలి ఉంది. అచ్చు మీద రేకు పరిచి, పైన సీసం బిళ్ళ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. తర్వాత ఆకురాయితో అంచులూ, మొహం చుట్టూ రాకి, తాడు దూరడానికి చిన్న ఉంగరం అతికించాడు. రెండు గంటల పని, నాలుగొందలు. కొంచెం పాతదానిలా చెయ్యమంటే ఇటుకపొడి పట్టించి అంచు దగ్గర రాగి తేలేదాకా రుద్దాడు. ఎందుకని అడగలేదు.

రెండూ పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియలేదు.

"ఏది ఏదో గుర్తెట్టుకోండమ్మా" అన్నాడు నన్ను చూడకుండా.

"ఉంటుంది లెండి" అన్నాను.

పాతది కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేశాను. కొత్తదానికి సాయంత్రం బందరు లాడ్జిలో పసుపూ కుంకుమా తడిపి దట్టంగా పట్టించి, కుంకుమ భరిణెలో పెట్టాను. మధ్యలో బందరు హల్వా కొన్నాను. నల్లగా, నేతితో మెరుస్తూ బాగుంది గాని ఆ పూట నోటికి రుచి తెలియలేదు.

ఇబ్రహీంపట్నం మీదుగా

మర్నాడు బందరు నుంచి బెజవాడ, అక్కడి నుంచి మైలవరం బస్సు. ఇబ్రహీంపట్నం దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టాలు చాలాసేపు కిటికీలోంచి కదల్లేదు. పక్క సీట్లో ఒక నర్సమ్మ. ఆమె పుస్తెల మీద శిలువ గుర్తు ఉంది. మా వీధి చర్చి వాళ్ళ దగ్గర చూశాను గాని ఇంత ముచ్చటైన పని చూడలేదు. తీసి చూపించింది కూడా.

"ఇది పోయి, అదే కొట్టులో అలాంటిదే ఇస్తే కట్టుకుంటారా?" అని అడిగాను. నాకు కావలసిన జవాబు కోసమే అడిగానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"ఏముందండి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకుని కట్టుకుంటాం" అంది.

ఆ మాటతో నా మనసు కుదుటపడింది. దిగేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి, "పోయినందుకు మాత్రం ఏడుస్తామండి" అంది. అది విననట్టు కిటికీ వైపు తిరిగాను.

మామిడి తోటల మధ్య ఊరు

ఈ ఊరి పేరు చెప్పను. ఇక్కడి వాళ్ళ పేర్లు కూడా మార్చాను. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు, నా తప్పుకి వాళ్ళ పేర్లెందుకని.

మైలవరంలో దిగి ఆటోలో అరగంట, రోడ్డుకి అటూ ఇటూ మామిడి తోటలు. ఆ రెండో ఆవిడ పేరు వెంకటరత్నం అనుకుందాం. యాభై అయిదు ఉంటాయి, సన్నటి మనిషి, పెద్ద బొట్టు. నన్ను చూడగానే కాళ్ళకి నీళ్ళిచ్చి, చెంబెడు మజ్జిగ ఇచ్చింది. బిళ్ళ ఏదని అడగలేదు. వచ్చినవాళ్ళకి దాహం తీరాకే పని సంగతి అనే పద్ధతి మా వైపూ ఉంది గాని, మెడలో వెలితితో తిరుగుతున్న మనిషి దాన్ని పాటించడం మామూలు సంగతి కాదు.

మొదటామె కూతురు నాగమణి మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇబ్రహీంపట్నంలో కాపురం, సంగతి తెలిసి నాలుగు రోజుల కింద వచ్చిందట. కోడలు పిల్ల వంటింటి గుమ్మం దాటి రావడం లేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"దాన్నేమీ అనకే, తెలీక చేసింది" అంటోంది వెంకటరత్నం.

"తెలీకే మా అమ్మని బుట్టవాడికి ఏసింది, అంతేగా పిన్నీ" అంది నాగమణి గోడతోనే.

నేను భరిణె తీసి మూత తెరిచాను. నాగమణి ఒక్క ఉదుటున వచ్చి బిళ్ళని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. నాలుగు రోజుల నుంచి బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది. కోడలు పరిగెత్తుకొచ్చి "వదినా" అని కాళ్ళ దగ్గర కూలబడితే, దాన్ని లేపి ఒళ్ళోకి లాక్కుంది. ఆమె వంగినప్పుడు ఆ కొనదేలిన గడ్డం చూశాను. ఎక్కడో చూసినట్టు ఉందే అనుకున్నాను గాని ఆలోచన అక్కడితో ఆగిపోయింది. నా లెక్క కుదిరిందన్న ధీమాలో ఉన్నాను.

తర్వాత బిళ్ళ వెంకటరత్నం చేతికి వచ్చింది. వెలుతురు వైపు తిప్పి చూసింది. బొటనవేలితో మొహం మీద కుంకుమ కొంచెం తుడిచి మళ్ళీ చూసింది. కొంగున ముడేసుకుంది.

"చాలా దూరం నించి శ్రమపడి తెచ్చారు. భోంచేసి వెళ్ళాలి" అంది.

దోసకాయ పప్పు, ములక్కాడ పులుసు, కొత్త ఆవకాయ. అనంతపురం నాలుకకి కూడా ఆ ఆవకాయ కారమే. నెయ్యి ఆవిడే మూడుసార్లు వడ్డించింది. నాలుగు రోజుల తర్వాత నాగమణి అన్నం కలుపుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న నేను కంచంలో ముద్దని అటూ ఇటూ జరిపాను. సిగ్గు మొదలైంది అప్పుడే. అయినా హ్యాండ్‌బ్యాగు తెరవలేదు.

ఆటో ఎక్కిస్తానని వెంకటరత్నం నాతో రోడ్డు దాకా వచ్చింది. సిమెంటు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

"రెండోది కూడా మీ దగ్గరే ఉందామ్మా?" అంది. నిష్ఠూరం లేదు. పక్కింటావిడ కాస్త పంచదార ఉందా అని అడిగినట్టే అడిగింది.

నాకు చెవులు వేడెక్కాయి. "అచ్చు ఒకటే కదండీ" అన్నాను.

"ఒకటేనమ్మా. పెళ్ళికి ముందు రోజు మా అత్తా నేనూ చిలకలపూడి వెళ్ళాం. పళ్ళెంలో ఇరవై దాకా పోశారు. అన్నీ ఒకటేనే, ఏదో ఒకటి తియ్యమంది మా అత్త. పక్కన నాగమణి కూర్చునుంది, నాలుగేళ్ళది, ఏడ్చి ఏడ్చి ఉంది. నేనా వాళ్ళమ్మని చూసెరగను. దాని మొహం చూడటం, పళ్ళెంలో వెతుక్కోవటం. అరగంట ఏరాను." ఆవిడ వేలితో తన గడ్డం కింద రాసి చూపించింది. "అచ్చు ఒకటైనా ఆకురాయి పట్టిన చెయ్యి ఒక్కలా పోదు గదా. ఒకదానికి ఇక్కడ కాస్త ఎక్కువ రాకారు. పిల్ల గడ్డంలాగే వచ్చింది. అది తీసుకున్నా."

హ్యాండ్‌బ్యాగులో కాగితం పొట్లం తియ్యడానికి చాలాసేపు పట్టింది. కడిగేశానని చెప్పాను. తప్పయిందన్నాను. నా జీవితంలో ఆ మాట అంత స్పష్టంగా ఇంకెప్పుడూ అనలేదు. ఆవిడ పొట్లం విప్పి, తన బొట్టు మీద వేలు అద్ది, ఆ చిన్న మొహానికి పెట్టింది.

దూరంగా ఆటో వస్తోంది. వెంకటరత్నం కొంగు ముడి విప్పి, కొత్త బిళ్ళ నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది మీరుంచుకోండమ్మా, పర్వాలేదు. ఇది ఇంకా ఎవరూ కాదు."